నాలుగు మంచాలు, నలుగురు అరువు రోగులు

వీధికి ఇటువైపు సర్కారు ఆసుపత్రి, అటువైపు ప్రైవేటు ఆసుపత్రి. నడుమ ఇరవై అడుగుల రోడ్డు. ఈ రెంటికీ పొత్తు కుదరడం లేదనీ, ఇకనైనా కలిసి పనిచేయడం నేర్చుకోవాలనీ పెద్దలు సభల్లో చెబుతూ ఉంటారు. అది శుద్ధ అబద్ధమని దుప్పట్లమ్మకు తెలుసు. అంత అన్యోన్యంగా ఇచ్చిపుచ్చుకునే ఇరుగుపొరుగును ఆమె తన అరవై నాలుగేళ్ల జీవితంలో మరెక్కడా చూడలేదు.

సర్కారు ఆసుపత్రికి తనిఖీ వచ్చే రోజున, పొద్దుటే ప్రైవేటు ఆసుపత్రి గేటు తెరుచుకునేది. చక్రాల మీద స్కానింగు యంత్రం, దాని వెనక ఇద్దరు డాక్టర్లు, ఆ వెనక నాలుగు పూలకుండీలు వరసగా రోడ్డు దాటి వచ్చేవి. తనిఖీ ముగిసిన మరుక్షణం అదే వరసలో వెనక్కి వెళ్లిపోయేవి. ఒకసారి పూలకుండీ ఒకటి తగ్గిందని పెద్ద రభస జరిగింది. డాక్టరు ఒకరు తగ్గిన సంగతి మాత్రం సాయంత్రం దాకా ఎవరూ గమనించలేదు.

ప్రైవేటు ఆసుపత్రికి తనిఖీ వచ్చే రోజున బదులు తీర్చే వంతు సర్కారుది. పాపం, దాని దగ్గర యంత్రాలు లేవు, పూలకుండీలు లేవు. ఉన్నదల్లా రోగులే. కనుక రోగులనే అరువిచ్చేది.

దీనికొక కారణం ఉంది. ప్రైవేటు ఆసుపత్రి కట్టిన స్థలం సర్కారుది. స్థలమిచ్చినందుకు ప్రతిగా మూడో అంతస్తులో నాలుగు మంచాలను సర్కారు ఆసుపత్రి పంపే రోగులకు ఉచితంగా కేటాయించాలని ఒప్పందం. వాటిని వాటా మంచాలంటారు. ఇటు వీలుకాని ఆపరేషన్లు అటు చేయాలి. కాగితం మీద చూస్తే కళ్లకద్దుకోవాలనిపించే ఏర్పాటు. మంచాల మీద చూస్తే మాత్రం ఏడాదికి నాలుగు రోజులు, అంటే తనిఖీ రోజుల్లో, తప్ప మనిషి పడుకున్న జాడ ఉండదు. మూడు నెలలకొకసారి నలుగురు రోగులు ఉదయం రోడ్డు దాటి వెళ్లి, ఆ మంచాల మీద పడుకుని, "బాగా చూసుకుంటున్నారండీ" అని చెప్పి, మధ్యాహ్న భోజనానికల్లా ఇవతలికి వచ్చేసేవారు.

దుప్పట్లమ్మ సర్కారు ఆసుపత్రి దుప్పట్ల గదిని ముప్పై ఒక్క ఏళ్లు ఏలింది. ఆమె అసలు పేరు జీతం పట్టీలో తప్ప మరెక్కడా వాడుకలో లేదు. విశ్రాంతి పొంది ఆరేళ్లయినా వారానికొకసారి ఆ గదికి వెళ్లి, కొత్తగా వచ్చినవాళ్ల మడతలు చూసి మొహం చిట్లించి రావడం ఆమెకు అలవాటు.

ఆ బుధవారం అలాగే వెళ్లింది. వార్డు పెద్ద సిస్టరు ఆమెను మూలకు పిలిచింది. ఒకప్పుడు దుప్పట్లమ్మ చేతి కింద తువ్వాళ్లు లెక్కపెట్టడం నేర్చుకున్న మనిషే.

"అక్కా, రేపు ఎదురింట్లో తనిఖీ. నలుగురిని పంపమన్నారు. ముగ్గురు దొరికారు. నాలుగో ఆడమనిషి వెళ్లనని మొండికేసింది."

"ఎందుకట?"

"పోయినసారి వెళ్తే పడుకోబెట్టారట గానీ దిండు ఇవ్వలేదట."

దుప్పట్లమ్మ నవ్వలేదు. ఆమె మనసులో అప్పటికే ఒక మడత విప్పుకుంటోంది.

"మా వదినను పంపనా?"

పెద్ద సిస్టరు ఉలిక్కిపడింది. "అయ్యో, ఆవిడ నడవలేదు కదక్కా! నడవగలిగేవాళ్లే కావాలి. మళ్లీ వెనక్కి రావద్దూ?"

"వెళ్లేటప్పుడు చక్రాల కుర్చీలో వెళ్తుంది. చూసేవాళ్లకు అచ్చం రోగిలాగే ఉంటుంది."

"అచ్చం రోగే కదక్కా ఆవిడ."

"అదేనే నేను చెప్పేది. కల్తీ సరుకు పంపి పంపి మీకు అసలు సరుకంటే భయం పట్టుకుంది."

పెద్ద సిస్టరు కాసేపు ఆమె మొహం వంక చూసింది. ఆ మొహంలో ఏం కనిపించిందో గానీ, "నాకేమీ తెలియదక్కా. నేను పేరు రాస్తున్నానంతే," అని గబగబా రాసేసింది.

వదిన అంటే దుప్పట్లమ్మ అన్నగారి భార్య. ఇద్దరూ ఈడువాళ్లే కావడంతో నలభై ఏళ్లుగా ఒకరినొకరు గిల్లుకుంటూనే బతుకుతున్నారు. ఆవిడది కుట్టుపని. బజారుకెళ్లే దారిలో కిటికీ పక్కన కాలితో తొక్కే మిషను వేసుకుని వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టిన చెయ్యి. చెయ్యి బాగానే ఉంది, కుడి మోకాలే పోయింది. కీలు అరిగి, ఎముక ఎముకను రాసుకుంటోందన్నారు. కీలు మార్పిడి ఒక్కటే మార్గమన్నారు. సర్కారు ఆసుపత్రిలో ఎముకల ఆపరేషన్ గది పైకప్పు రెండేళ్లుగా కారుతూనే ఉంది. అందుకని ఎముకల డాక్టరు వాటా మంచానికి కాగితం రాసిచ్చాడు.

ఈ డాక్టరు ఉదయం సర్కారు ఆసుపత్రిలోనూ, మధ్యాహ్నం నుంచి ప్రైవేటు ఆసుపత్రిలోనూ పనిచేస్తాడు. ఏ ఎండకు ఆ గొడుగు. ఉదయం ఆయన రాసిచ్చిన కాగితం పట్టుకుని వదిన మొదటిసారి ఎదురింటికి వెళ్తే "మంచాలు నిండాయి" అన్నారు. రెండోసారి వెళ్తే కాగితం వెనక "చేతిరాత స్పష్టంగా లేదు, మళ్లీ రాయించుకుని రావలెను" అని రాసి తిప్పి పంపారు. కింద సంతకం మధ్యాహ్నపు డాక్టరుది. ముందు వైపున సంతకం ఉదయపు డాక్టరుది. రెండు సంతకాలూ కవల పిల్లల్లా ఉన్నాయి.

ఆ కాగితానికి ఏడాది గడువు. శనివారంతో తీరిపోతుంది. తీరిపోతే వదిన మళ్లీ వరస చివరికి పోవాలి. ఆ వరస రెండేళ్ల పొడవుంది. అప్పటిదాకా మిషను తొక్కలేకపోతే ఆ చెయ్యి ఇక కుట్టదని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనలేదు.

సాయంత్రం దుప్పట్లమ్మ సంగతి చెప్పగానే వదిన మొదట అడిగిన ప్రశ్న: "దిండు ఇస్తారా?"

"నా దిండు తెస్తాను. నువ్వు చేయవలసిందల్లా ఒక్కటే, వదినా. నోరు మూసుకుని పడుకో. తనిఖీ ఆవిడ ఈసారి అసలు కాగితాలు చూస్తుందట. నీ పేరు అడ్మిషన్ పుస్తకంలో ఎక్కాలి. మూడు ప్రతుల పుస్తకం అది. తెల్లది వాళ్లకు, పసుపుది మనకు, గులాబీది రోగి తాలూకు మనిషికి. ఆ గులాబీ కాగితం నా చేతికొస్తే చాలు. ఒకసారి ఎక్కించుకున్న మనిషిని దించాలంటే 'చేసిన చికిత్స' అనే గడి నింపి డాక్టరు సంతకం పెట్టాలి. గడి ఖాళీగా ఉంటే నువ్వు మంచం దిగనక్కర్లేదు."

"నోరు మూసుకోవాలా?"

"పూర్తిగా."

"ఆడబిడ్డ అర్ధ మొగుడంటారు. కాబట్టి నీ మాట సగమే వింటాను."

"ఏ సగం?"

"పడుకునే సగం."

గురువారం తొమ్మిదిన్నరకు అరువు రోగులు రోడ్డు దాటారు. ముందు హెర్నియా ఉన్న బస్సు కండక్టరు, తర్వాత పిత్తాశయంలో రాళ్లున్న బడి పంతులమ్మ, ఆ వెనక జ్వరం వచ్చి తగ్గిపోయిన వాచ్‌మన్. చివర చక్రాల కుర్చీలో, ఒడిలో సొంత దిండుతో, ఊరేగుతున్నంత ఠీవిగా వదిన. కుర్చీ తోస్తూ దుప్పట్లమ్మ.

మూడో అంతస్తులో మేనేజరు ఎదురొచ్చాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, చెదరని నవ్వు. చక్రాల కుర్చీ చూడగానే ఆ నవ్వు కొంచెం చెదిరింది.

"ఈవిడ నడవలేరా?"

"నడవగలిగితే ఆసుపత్రికెందుకు వస్తాను బాబూ, బజారుకెళ్తాను గానీ," అంది వదిన.

దుప్పట్లమ్మ కుర్చీని చిన్నగా కుదిపింది. నోరు మూసుకోమని అర్థం.

ఒక నర్సు ఇనప బీరువా తాళం తీసి నాలుగు దుప్పట్లు తెచ్చింది. వాటా మంచాలకు సర్కారు దుప్పట్లే వాడాలని, సర్కారు చాకిరేవుకే పంపాలని ఒప్పందంలో ఉంది. నీలి అంచు దుప్పట్లు. అవి విప్పగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. దుప్పట్లమ్మ చెయ్యి తనంతట తానే అంచు మూల పట్టుకుంది. ఆ మూలన నల్ల సిరా చుక్కలు రెండు ఉన్నాయి.

దుప్పటి ఉతుక్కి వెళ్లి వచ్చిన ప్రతిసారీ మూలన ఒక చెరగని సిరా చుక్క పెట్టాలన్నది దుప్పట్లమ్మ పెట్టిన పద్ధతి. ఏ దుప్పటి ఎన్ని ఉతుకులు తిన్నదో చూస్తేనే తెలియాలని. సర్కారు వార్డుల్లో దుప్పట్ల మూలలు చుక్కలతో చీమల పుట్టల్లా ఉంటాయి. ఈ నాలుగూ ఆమె విశ్రాంతి పొందే ముందు తన చేత్తో మడిచి పంపినవే. అప్పుడు రెండు చుక్కలు. ఆరేళ్ల తర్వాత కూడా రెండు చుక్కలే.

ఆమెకు కోపం వచ్చింది. వదిన మోకాలి విషయంలో వచ్చిన కోపం కంటే ఇది వేరు. తన గది పరువు పోయినట్టనిపించింది.

పదిన్నరకు తనిఖీ అధికారిణి వచ్చింది. యాభై దాటిన మనిషి, భుజాన బరువైన సంచి, దారంతో మెడలో వేలాడే కళ్లజోడు. పలకరింపులు లేవు. "అడ్మిషన్ పుస్తకం," అంది. మేనేజరు అందించాడు. "ఇది నిన్న రాసినది కాదుగా? నా ఎదుట రాయండి. అసలు కాగితాలు చూసి," అంది.

మేనేజరు నలుగురి పేర్లూ రాశాడు. గులాబీ ప్రతి చింపి దుప్పట్లమ్మకు ఇచ్చేటప్పుడు దాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకున్నాడు. దుప్పట్లమ్మ అంతకంటే గట్టిగా లాగింది.

అధికారిణి మొదటి మంచం దగ్గర ఆగింది. "ఎలా చూసుకుంటున్నారు?"

"బాగా చూసుకుంటున్నారండీ," అన్నాడు కండక్టరు, టికెట్టు చింపినట్టు.

పంతులమ్మ కూడా అదే పాఠం ఒప్పజెప్పింది. మూడో మంచం మీద వాచ్‌మన్ నిజాయితీపరుడు. "నాకే జబ్బూ లేదమ్మా. భోజనం పెడతామంటే వచ్చాను," అన్నాడు.

మేనేజరు ఒక్క గంతులో మంచం దగ్గరికొచ్చాడు. "చూశారా మేడమ్! పూర్తిగా నయం చేసేశాం!"

అధికారిణి కళ్లజోడు మీదుగా ఆయన్ను ఒకసారి చూసి నాలుగో మంచానికి కదిలింది. దుప్పట్లమ్మ వదిన వంక చూసింది. వదిన కళ్లలో తళుకు కనిపించింది. నలభై ఏళ్లలో ఆ తళుకు ఎప్పుడు కనిపించినా ఇంట్లో ఏదో ఒకటి జరిగేది.

"అమ్మా, ఈ ఆసుపత్రి గురించి నేనేం చెప్పను!" అని మొదలుపెట్టింది వదిన. "దేవుళ్లమ్మా వీళ్లు. ఈ మేనేజరుబాబు ఉన్నాడే, కడుపున పుట్టిన కొడుకైనా ఇలా చూడడు. రాగానే ఏమన్నాడనుకున్నారు? 'అత్తయ్యగారూ, మీరు ఏడాది నుంచి తిరుగుతున్నారు, ఇక ఒక్క రోజు కూడా ఆగడానికి వీల్లేదు. రేపు పొద్దున ఏడింటికే మీ మోకాలి ఆపరేషన్' అన్నాడు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి."

మేనేజరు పరిస్థితి దొంగకు తేలు కుట్టినట్టయింది. కాదంటే వాటా మంచం బండారం బయటపడుతుంది. అవునంటే ఆపరేషన్ చేయాలి.

"నిజమేనా?" అంది అధికారిణి.

"అదీ... అంటే... రోగుల సౌకర్యమే మాకు..."

"ఏడు గంటలకా?"

"ఏడు... ఏడున్నర మధ్య," అన్నాడు మేనేజరు. నుదుట పట్టిన చెమట ఇస్త్రీ కాలరు మీద పడింది.

మొదటి మంచం మీద కండక్టరు లేచి కూర్చున్నాడు. పదిహేనేళ్లు జనాన్ని బస్సులో సర్దిన మనిషికి, ఖాళీ సీటు కనిపిస్తే ఊరుకోవడం చేతకాదు. "నాది శనివారమన్నారండీ, హెర్నియా," అన్నాడు.

"నాది సోమవారం. పొద్దుటే," అంది పంతులమ్మ, హాజరు పలికినట్టు.

వాచ్‌మన్ అటూ ఇటూ చూసి, "నాకు భోజనమేనమ్మా," అన్నాడు.

అధికారిణి మూడు తేదీలూ రాసుకుంది. రాస్తూ వదిన మంచం మీదికి వంగి, దుప్పటి మూల వేలితో ఎత్తి చూసింది. "ఈ చుక్కలేమిటి?"

ఎవరూ అడగకపోతే తానే చెప్పాలని అంతసేపూ నాలుక మీద మోస్తున్న మాట దుప్పట్లమ్మ నోట్లోంచి నెమ్మదిగా దిగింది. "ఒక్కో ఉతుక్కి ఒక్కో చుక్కమ్మా. దుప్పట్ల గది పద్ధతి. నేనే పెట్టాను."

"ఎప్పటి దుప్పట్లివి?"

"ఆరేళ్ల నాటివి."

అధికారిణి నాలుగు మంచాల చుట్టూ తిరిగి నాలుగు మూలలూ ఎత్తి చూసింది. రెండు, రెండు, రెండు, రెండు. ఆమె మేనేజరు వైపు తిరిగింది.

"మా రోగులు చాలా శుభ్రంగా పడుకుంటారు మేడమ్," అన్నాడు మేనేజరు.

అధికారిణి పెదవుల చివర ఏదో కదిలి అంతలోనే సర్దుకుంది. ఆమె నివేదిక చివర ఒక వాక్యం రాసి, పైకి చదివింది. "మొదటి శస్త్రచికిత్స రేపు ఉదయం ఏడు గంటలకు. రేపు పదకొండు గంటలకు నేను స్వయంగా వచ్చి రోగిని చూసిన తర్వాతే ఈ నివేదికపై సంతకం చేస్తాను." సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

లిఫ్టు తలుపు మూసుకున్నదో లేదో, మేనేజరు నవ్వు ఊడిపడింది. "మీరిద్దరూ కలిసి నా కొంప ముంచారు! లేవండి ముందు. ఎముకల డాక్టరుగారికి రేపు ఖాళీ లేదు. ఆయన ఒప్పుకోరు."

"పిలవండి. ఆయన నోటితోనే వింటాం," అంది దుప్పట్లమ్మ.

డాక్టరు రెండింటికి వచ్చాడు. మధ్యాహ్నపు కోటు తొడుక్కుని ఉన్నాడు. విషయం విని తల అడ్డంగా ఊపబోయాడు. దుప్పట్లమ్మ వదిన పాత కాగితం చేతికిచ్చింది. ముందు వైపు చూశాడు. వెనక్కి తిప్పాడు. మళ్లీ ముందుకు తిప్పాడు.

"మీరేమీ అనుకోకండి డాక్టరుగారూ," అంది వదిన, చెల్లెలి పెళ్లి మాట్లాడినంత మెత్తగా. "పొద్దుటి డాక్టరుగారు చాలా మంచివారు. శ్రద్ధగా రాసిచ్చారు. మధ్యాహ్నపు డాక్టరుగారికే ఆయన చేతిరాత అర్థం కాలేదట. మీరు ఇద్దరినీ ఎరుగుదురు కాబట్టి, కాస్త కూర్చోబెట్టి రాజీ చేస్తారేమోనని..."

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "అది నేను... ఆ వెనక మాటలు మేనేజరుగారు రాసి తెచ్చారు. నేను చూడకుండా సంతకం పెట్టాను."

"చూడకుండా పెట్టారా? అయితే చేతిరాత స్పష్టంగా లేదని ఎలా తెలిసిందండీ?" అంది దుప్పట్లమ్మ. ఆమె గొంతులో ఎగతాళి లేదు. తువ్వాలు ఒకటి తగ్గిందేమని అడిగే గొంతు అది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ గొంతుకు ఎవరూ తిరిగి సమాధానం చెప్పలేదు. "ఈ మోకాలు ఏడాది నుంచి మీ ఇద్దరి నడుమ రోడ్డు దాటుతోంది బాబూ. ఆ రోడ్డు దాటడానికి దానికి ఎంత నొప్పో మీకు తెలియదా? ఎముకల డాక్టరు మీరు."

డాక్టరు కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుని మోకాలు పట్టి చూశాడు. వంచాడు. ఆ కీలు చేసిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. వదిన పళ్లు బిగబట్టింది. అప్పుడు మాత్రం ఆవిడ హాస్యమాడలేదు.

"పరీక్షలన్నీ అయ్యాయా?"

"నెల క్రితమే. మీరే రాశారు," అంది దుప్పట్లమ్మ.

ఆయన జేబులోంచి కలం తీసి గులాబీ కాగితం మీద పొడి పొడి అక్షరాలతో, బడిపిల్లవాడు దస్తూరి రాసినంత గుండ్రంగా, "రేపు ఉదయం 7" అని రాశాడు. రాసి పైకి ఎత్తి చూపించాడు. "స్పష్టంగా ఉందా అమ్మా?"

"ఇది మాత్రం ఏ పూట డాక్టరుకైనా అర్థమవుతుంది," అంది వదిన.

శుక్రవారం ఏడింటికి కాదు, ఏడూ ఇరవైకి లోపలికి తీసుకెళ్లారు. దుప్పట్లమ్మ బల్ల మీద కూర్చుని, వదిన దిండును ఒళ్లో పెట్టుకుని, దాని గలీబు మూల పదిసార్లు మడిచి విప్పింది. పదకొండింటికి అధికారిణి వచ్చి, కట్టు కట్టిన మోకాలినీ, మత్తులో గొణుగుతున్న మనిషినీ చూసింది.

"ఏమంటున్నారు ఆవిడ?"

"దిండు అడుగుతోందమ్మా."

అధికారిణి నివేదికపై సంతకం చేసింది. కండక్టరుకు శనివారం, పంతులమ్మకు సోమవారం, తప్పించుకోవడానికి వీల్లేక, ఆపరేషన్లు జరిగిపోయాయి. వాచ్‌మన్‌కు భోజనం మాత్రం పెట్టలేదు. దుప్పట్లమ్మ ఆయన్ను ఇంటికి పిలిచి పెట్టింది.

ఆ తర్వాత అరువు వ్యవహారం చెడింది. తనిఖీ వస్తుందంటే చాలు, సర్కారు వార్డులో "నన్ను పంపు, నన్ను పంపు" అని రోగులు పెద్ద సిస్టరు చుట్టూ మూగేవారు. వెళ్లినవాళ్లెవరూ మధ్యాహ్న భోజనానికి తిరిగి వచ్చేవారు కాదు. ఎరువు సొమ్ము బరువుచేటని మేనేజరు ఆలస్యంగా గ్రహించాడు. పూలకుండీలు మాత్రం ఇప్పటికీ రోడ్డు దాటుతూనే ఉన్నాయి.

మరో ఎనిమిది నెలలకు ఒక మధ్యాహ్నం దుప్పట్లమ్మ ఒక మూట తెచ్చి కిటికీ పక్క మిషను మీద పడేసింది. వదిన కుడికాలు కింద పెట్టి, రెండుసార్లు ఊరికే తొక్కి చూసుకుంది. మిషను గలగలలాడింది.

"ఏమిటిది?"

"సర్కారు దుప్పటి. అంచు చినిగింది. కుట్టి పెట్టు."

"సర్కారు దుప్పటి ఇంటికెందుకు తెచ్చావు? దొంగతనం కూడా మొదలుపెట్టావా?"

"అడిగి, పుస్తకంలో రాయించి తెచ్చాను. మూడో అంతస్తుది. నువ్వు పడుకున్న మంచానిదే."

వదిన మూల వెతికి పట్టుకుని, కళ్లు చికిలించి, సిరా చుక్కలు ఒక్కొక్కటే వేలితో తాకుతూ లెక్కపెట్టింది. ఇరవై ఆరు దాకా వచ్చి తప్పిపోయి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

"ఎన్నున్నాయి?" అంది దుప్పట్లమ్మ, తెలియనట్టు.

"ఉండవే, మాట్లాడకు. నోరు మూసుకో."

"సగమే వింటాను."

వదిన లెక్క మళ్లీ తప్పిపోయింది. ఆడబిడ్డను నోరారా తిట్టి, చినిగిన అంచును సూది కింద పెట్టి, కాలు ఆడించింది.